సూపు గుండిగ మీద వ్యాజ్యం

పెన్సిల్వేనియా రాష్ట్రం, ఆల్డర్ కౌంటీ కోర్టు తరఫున సగర్వంగా తెలియజేసేదేమంటే, హోస్టెటర్ గారి ఎన్నికల వ్యాజ్యంలో న్యాయం సంపూర్ణంగా జరిగింది. పదకొండు మంది వకీళ్ళు హాజరయ్యారు, పదకొండు మందీ విరమించుకున్నారు. సాక్షులెవరూ నోరు విప్పలేదు కనుక అబద్ధపు సాక్ష్యం అన్న మాటే రాలేదు. ఇరవై ఆరేళ్ళుగా ఈ కోర్టులో బంట్రోతుగా ఉన్న లెస్టర్ గ్రెబిల్ అనే నేను ఇంత శుభ్రమైన కేసు చూసి ఎరుగను.

సంగతి చిన్నదే. రాష్ట్ర సెనేటుకు నిలబడ్డ మెర్ల్ హోస్టెటర్ గారు రెండు వందల పద్నాలుగు ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఆయన ట్రాక్టర్ల వ్యాపారి, ఊళ్ళో సగం మంది ఆయన పేరున్న టోపీలే పెట్టుకుంటారు. అంతటి మనిషి ఓడడమేమిటని వెతగ్గా వెతగ్గా ఒక వీడియో దొరికింది. పోలింగు నాటి సాయంత్రం మా ఎన్నికల గుమాస్తా వాండా క్లింగమన్, తువాలు చుట్టి మూతపెట్టిన పెద్ద గుండిగను మోసుకుంటూ ఫైర్ స్టేషన్ హాల్లోకి వెళ్తోంది. ఓట్లు లెక్కించేది ఆ హాల్లోనే. గుండిగ నిండా దొంగ ఓట్లేనని హోస్టెటర్ గారు దావా వేశారు. గుండిగలోంచి ఆవిరి వస్తున్న మాట నిజమే. ఓట్లు అప్పుడే అచ్చయినవి కనుక వేడిగా ఉన్నాయని దావా ఏడో పేరాలో వివరణ ఉంది.

వాండా ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ప్రతి ఎన్నికకూ లెక్కింపువాళ్ళ కోసం కోడిమాంసం, మొక్కజొన్న వేసి సూపు కాచి తెచ్చేది. ఆ సంగతి కౌంటీలో తెలియనివాళ్ళు లేరు. అయినా దావా పడ్డ వారానికే చర్చిలో ఆమె కూర్చునే బల్ల ఖాళీ అయింది. జుట్టు కత్తిరించే మనిషి ఇకమీదట సమయం కుదరదని కబురు పంపింది. కౌంటీ పెద్దలు మాత్రం ఎంతో దయతో, తొందరగా రిటైరైతే గొడవ చల్లారుతుందని సలహా ఇచ్చారు. వాండా ఒప్పుకోలేదు. కోర్టులో ఒక్కసారి తనను అడగాలి, తను చెప్పాలి, తప్పు లేదని జడ్జి కాగితం మీద రాయాలి. ఆమెకు కావలసింది అంతే. అందుకని ప్రతి వాయిదాకీ గుండిగను తోమి, ఒళ్ళో పెట్టుకుని ముందు వరసలో కూర్చునేది.

మొదటి వకీలు ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన పెద్దమనిషి. కోర్టు మెట్ల మీద టీవీల వాళ్ళ ముందు ప్రజాస్వామ్యాన్ని ఆ గుండిగలోనే ఉడకబెట్టారని గర్జించి లోపలికొచ్చాడు. మెట్ల మీద వకీలు ఏమైనా అనొచ్చు. లోపల ఏమన్నా లైసెన్సు పూచీ పెట్టి అనాలి. జడ్జి ఎస్తేర్ బ్రూబేకర్ గారు కళ్ళజోడు తీసి, ఆ గుండిగలో ఓట్లున్నాయని ఈ కోర్టు ముందు చెబుతున్నారా అని అడిగారు. గుండిగ ఉందని మాత్రం గట్టిగా చెప్పగలమనీ, లోపలి సరుకు గురించి ప్రస్తుతానికి తమకు అభిప్రాయం లేదనీ ఆయన మనవి చేసుకున్నాడు. మధ్యాహ్నానికల్లా వృత్తిపరమైన కారణాల వల్ల తప్పుకుంటున్నట్టు పద్దెనిమిది పేజీల అర్జీ వచ్చింది. ఈ కేసులో ఆధారాలతో సహా రాసిన కాగితం అదొక్కటే.

తరవాతి ఆయన కుక్కకాటు కేసుల నిపుణుడు. దావా చదువుకోవడానికి రెండు వారాలు గడువడిగాడు. చదివాడు, వెళ్ళిపోయాడు. ఐదో ఆయన తను తప్పుకోవడానికి కోర్టు అనుమతి కోసం వాదించమని వేరే వకీలును పెట్టుకున్నాడు. ఆ వకీలు కూడా తప్పుకోవడంతో పాపం వారం రోజులు కేసులోనే ఇరుక్కుపోయి, వరండాలో నా పక్కన కూర్చుని ముక్కు చీదుకున్నాడు. తొమ్మిదో ఆయన పొదుపరి, హాజరు పత్రం, విరమణ పత్రం ఒకే కవరులో పంపాడు. వాటి మీద ముద్ర వేసేటప్పుడు వరస తప్పకుండా చాలా జాగ్రత్త పడ్డాను. లేకపోతే రాకముందే వెళ్ళిపోయేవాడు.

ఒక్కొక్కరు వెళ్ళినప్పుడల్లా హోస్టెటర్ గారు మెట్లెక్కి ఉపన్యసించేవారు.

"సోదరులారా! వకీళ్ళు పారిపోతున్నారంటే ఎవరో బెదిరిస్తున్నారు. బెదిరిస్తున్నారంటే దాచాల్సింది ఏదో ఉంది. దాచాల్సింది ఉందంటే, అది గుండిగలోనే ఉంది!"

చప్పట్లు మోగేవి. ఆ లెక్కన పదిమంది వకీళ్ళు పది సాక్ష్యాలయ్యారు.

పదకొండోవాడు హోస్టెటర్ గారి సొంత మేనల్లుడు డ్వైట్, నిరుడే పట్టా పుచ్చుకున్నాడు. జడ్జిగారు అదే ప్రశ్న అడిగారు. డ్వైట్ వాండా ఒళ్ళోని గుండిగకేసి చూశాడు.

"యువరానర్, ఆ రోజు లెక్కింపు దగ్గర నేను కూడా రెండు గిన్నెలు తాగా..." అన్నాడు. వెనక వరసలో మేనమామ దగ్గారు. "ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. నన్ను కూడా తీసేసుకుంటున్నా" అని ఫైలు సర్దుకున్నాడు.

వాదించేవారు లేరు కనుక జడ్జిగారు కేసు కొట్టేశారు. వాండా లేచి నిలబడింది.

"మరి నేను చేశానా, చెయ్యలేదా, యువరానర్?"

జడ్జిగారు ఫైలు మూశారు. "ఆ ప్రశ్న ఇప్పుడు ఈ కోర్టు ముందు లేదు, మిసెస్ క్లింగమన్. నన్ను క్షమించండి."

వాండా వెనక్కి తిరిగింది. హాలు కిటకిటలాడుతోంది. లెక్కింపువాళ్ళున్నారు, ఫైర్ స్టేషన్ పెద్ద ఉన్నాడు, పాస్టరు గారున్నారు. "మీరంతా తాగారు కదా. ఒక్కళ్ళు లేచి చెప్పండి, చాలు" అంది.

అందరూ లేచారు, కోట్లు తొడుక్కున్నారు. తప్పు పట్టడానికి లేదు. ఫైర్ స్టేషన్‌కు రెండు పార్టీల చందాలూ కావాలి. పాస్టరు గారి మందలో సగం హోస్టెటర్ టోపీలే. వాండా చివరికి నాకేసి చూసింది.

"లెస్టర్, నువ్వు మూడోసారి కూడా పోయించుకున్నావుగా."

పోయించుకున్నాను. అడుగున చిక్కగా ఉంటుందని అడిగి మరీ పోయించుకున్నాను. కానీ కోర్టు ఉద్యోగి పక్షపాతం చూపరాదని నిబంధన. కోర్టు ముగిసిందని గట్టిగా ప్రకటించాను. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా గొంతు మాత్రం ఎక్కడా వణకలేదు.

సోమవారం వాండా రాజీనామా ఇచ్చింది. తప్పు చెయ్యకపోతే ఎందుకు పోతుంది, నిప్పు లేనిదే పొగ రాదు అని ఊరంతా నిమ్మళంగా అనుకుంది. ఆ ఉద్యోగానికి ప్రకటన వేసి నాలుగు నెలలైంది, ఒక్క దరఖాస్తూ రాలేదు. మే నెలలో మళ్ళీ ఎన్నికలు. లెక్కపెట్టేవారే లేరు కాబట్టి ఈసారి దొంగలెక్కకు ఆస్కారం లేదని కౌంటీ పెద్దలు హామీ ఇస్తున్నారు.

ఇంతదాకా చదివారంటే వాండా నిర్దోషి అని మీరు మనసులో ఎప్పుడో తీర్పిచ్చేసి ఉంటారు. మా పిరికితనాన్ని తిట్టుకునే ఉంటారు. మాకు కావలసింది అచ్చంగా మీలాంటివాళ్ళే. వాండా ఉద్యోగానికి దరఖాస్తు ఫారం నా దగ్గరే ఉంది. పేరు, ఇంటి నంబరు రాసి సంతకం పెడితే కోర్టు గోడ మీద అంటిస్తాం, అందరికీ కనబడాలి కదా. ఇదిగో కలం, పట్టుకోండి.

పట్టుకోండి మరి.