ఒతకర్ ట్రేకి తగిలిన దిష్టి

ఆ ఉదయం లిబుషె పెట్టుకున్న పని చిన్నదే. మొక్కలకు నీళ్లు పోసి, కాఫీ తాగాలి. ఒలొమౌత్స్‌ నగరంలోని ఒక పరిశోధనశాలలో ఆమె, ఒతకర్ ఒకే రకం ఆవజాతి మొక్కలు పెంచుతున్నారు. మొక్క తను పడ్డ కష్టాన్ని కణకేంద్రకంలో, ఉండలా చుట్టుకున్న డీఎన్ఏ దారంలో ఎలా గుర్తుంచుకుంటుందో తేల్చాలి. ఎవరు ముందు తేలిస్తే బ్రనో నగరంలో జరిగే శాస్త్రవేత్తల సభలో వాళ్లే మాట్లాడతారని ప్రొఫెసర్ హవెల్కా చెప్పేశాడు.

ఒతకర్ ట్రే దగ్గర ఆమె కాళ్లు ఆగిపోయాయి. అతని మొక్కలు విచ్చుకుని కళకళలాడుతున్నాయి. తనవి ఇంకా మట్టిని కరుచుకునే ఉన్నాయి. లిబుషెకు కడుపు మండిపోయింది.

"మహానుభావుడు ఏదో కలుపుతున్నాడు," అనుకుంది. ఆకులు తడిమింది, వాసన చూసింది, స్కేలు పెట్టి కొలిచింది. ఇక రోజూ పొద్దున రాగానే అదే పని, సాయంత్రం వెళ్లేముందు అదే పని. తన ట్రేలో ఇన్ని నీళ్లు పోయడమే తప్ప, దాన్ని కన్నెత్తి చూసే తీరిక లేకపోయింది.

కొన్నాళ్లకు ఒతకర్ మొక్కలు గిడసబారాయి. అతను ఎరువు మార్చాడు, దీపం మార్చాడు. చివరికి, చదివిన చదువంతా పక్కన పెట్టి, వాళ్ల నాయనమ్మ పసిపిల్లల బండికి కట్టినట్టు ట్రేకి ఎర్ర రిబ్బను కట్టాడు. అది ఏదో రహస్య ప్రయోగానికి గుర్తనుకుని లిబుషె తన ట్రేకి ఇంకా పెద్దది కట్టింది.

"ఈ రిబ్బన్లేమిటి?" అన్నాడు హవెల్కా.

"దిష్టి తగలకుండానండీ," అన్నాడు ఒతకర్ తల వంచుకుని.

"నీదో?"

"నాదీ అదేనండీ," అంది లిబుషె.

హవెల్కా రెండు ట్రేల నుంచీ ఒక్కో ఆకు తీసుకుని మైక్రోస్కోపు గదిలోకి వెళ్లాడు. చాలాసేపటికి బయటికి వచ్చాడు.

"పొట్టివాటిని ఎవరో రోజూ తాకారు. తాకితే మొక్క ఎదగదన్నది పాత సంగతే. కానీ కేంద్రకంలో దారం అక్కడక్కడా వదులైంది. ఆ తాకిడి దానికి గుర్తుందన్నమాట. బ్రనోలో చెప్పాల్సింది ఇదే. ఎవరు తాకారు?"

నేనే అన్న మాట లిబుషె నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకు తాకావంటే ఏం చెప్పాలి?

"నేనేనండీ," అన్నాడు ఒతకర్.

"శభాష్. లిబుషె, ఎవరూ ముట్టని నీ మొక్కలు చూడు, ఎంత ఏపుగా ఉన్నాయో. పోల్చడానికి పనికొస్తాయి. ఒతకర్, రోజుకి ఎన్నిసార్లు తాకావు?"

ఒతకర్ వేళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"రెండుసార్లు," అంది లిబుషె, నోరు జారి.

"నీకెలా తెలుసు?"

"చూస్తూనే ఉన్నానండీ."

బ్రనో సభలో ప్రసంగం ముగిస్తూ, తన పనిని అంత శ్రద్ధగా గమనించినందుకు లిబుషెకు ఒతకర్ కృతజ్ఞతలు చెప్పాడు.