చిట్టీ ఉన్నదల్లా లారీకే

ఆ ఉదయం ఆర్మూర్‌లో భూమేశ్వర్ ఇంట్లో అనుకున్న పనులు మూడే. ఉగాది దగ్గరపడింది కనుక గదులకు సున్నం వేయించాలి. అమ్ముడైన పసుపు బస్తాలను హైదరాబాద్ లారీకి ఎక్కించాలి. పదకొండు గంటలకు కోడలు వినీత వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ ఇవ్వాలి. మూడూ ఒకే వాకిట్లో పెట్టుకోవడమే కొంప ముంచింది.

వినీతకు ఆ ఇంటర్వ్యూ ప్రాణంతో సమానం. ఫోన్లో ఇంగ్లిష్ నేర్పే హైదరాబాద్ సంస్థ ఒకటి పిలిచింది. భర్త ఆశిష్ మస్కట్‌లో ఉన్నాడు, ఇంట్లో ఒప్పుకోవలసింది మామ. భూమేశ్వర్ పసుపు కమీషన్ వ్యాపారి, కోడలితోనూ బేరమే పెట్టాడు. ఈసారి వస్తే చేసుకొమ్మన్నాడు, రాకపోతే ఉద్యోగం ఊసెత్తకుండా దుకాణంలో కూర్చోవాలన్నాడు. ఇంతకుముందు వచ్చిన అవకాశాలు జంట పదాల దగ్గరే పోయాయి. 'లుక్'కూ 'సీ'కీ తేడా ఏమిటి, 'లెండ్'కూ 'బారో'కూ తేడా ఏమిటి అని అడిగితే, పాపం, తెలిసి కూడా నోరు పెగల్లేదు.

అందుకే పొద్దున్నే జంటలన్నీ చిట్టీల మీద రాసి, సున్నం కోసం వాకిట్లోకి చేర్చిన సామానుకు అంటించింది. అద్దం, బీరువా, సోఫా, మంచం, కుర్చీలు, ఏదీ వదల్లేదు. వాటి మధ్య తిరుగుతూ పైకి చదువుకుంది. చిట్టీలు మామ గల్లాపెట్టె మీద దొరికాయి. పసుపుపచ్చగా, వెనక జిగురుతో బాగున్నాయి కదా అని కట్టంతా వాడేసింది. అవి దేనికని అడగాలన్న ఆలోచనే రాలేదు.

అడిగి ఉంటే ఈ కథే లేదు. ఆ దుకాణంలో అమ్ముడైన సరుకుకు ఆ పసుపుపచ్చ చిట్టీ పడుతుంది. హమాలీలు చిట్టీ ఉన్నది ఎత్తుతారు, లేనిది ముట్టరు. బస్తాలకు చిట్టీలు అంటించమని భూమేశ్వర్ భార్య విమలకు చెప్పాడు. కట్ట కనిపించకపోయేసరికి, ఆయనే అంటించి ఉంటాడులే అనుకొని ఆమె సున్నం పనిలో పడింది. వినీత, చినుకులు పడతాయని ఫోన్ అద్దం బల్ల సొరుగులో దాచి స్నానానికి వెళ్లింది.

హమాలీల మేస్త్రి రాజేశ్వర్ వచ్చి వాకిలి చూసి తల గోక్కున్నాడు. భూమేశ్వర్ చెవికి ఫోన్ ఆనించుకొని ఎవరితోనో రేట్ల గురించి కొట్లాడుతున్నాడు.

"సేటూ, చిట్టీ ఉన్నయన్నీ ఎక్కియ్యాల్నా?"

"చిట్టీ ఉన్నది ఎక్కియ్యి, లేనిది ఇడిచిపెట్టు. రోజూ గిదే అడుగుతవేంది?" అన్నాడు భూమేశ్వర్, అటు తిరగకుండానే.

కొత్తగా హైదరాబాద్‌లో కాపురం పెట్టిన కూతురు కృతికకు సామాను పంపుతున్నాడని రాజేశ్వర్ తనే అర్థం చేసుకున్నాడు. ఒక కుర్చీలో భూమేశ్వర్ తల్లి కనకవ్వ కునుకు తీస్తోంది. లేపి, సామాను కృతిక ఇంటికి పోతోందని మర్యాదగా చెప్పారు. ఆమె ఇంకేమీ అడగలేదు. వక్కాకు సంచి నడుముకు దోపుకొని తిన్నగా వెళ్లి లారీ డ్రైవర్ సఫ్వాన్ పక్కన కూర్చుంది.

వినీత తయారై వచ్చేసరికి వాకిట్లో పసుపు బస్తాలు తప్ప ఏమీ లేవు. మామను పిలిచి చూపించింది. భూమేశ్వర్ రాజేశ్వర్‌కు ఫోన్ చేసి గద్దించబోయాడు గానీ, అవతలి నుంచి "మీరే చెప్పిండ్రు గద సేటూ" అన్న మాట రాగానే ఫోన్ పెట్టేశాడు. అంతలో ఇంట్లోంచి విమల, తన అత్త కనకవ్వ కూడా కనిపించడం లేదంటూ కేక పెట్టింది.

మామాకోడళ్లు ఇనాయత్ ఆటో ఎక్కి హైవే పట్టారు. లారీ నడుపుతుంటే సఫ్వాన్ ఫోన్ ఎత్తడు, అది అతని నియమం. వినీత మామ ఫోన్‌తో తన నంబర్‌కే చేసింది. బిజీ అని వచ్చింది. సొరుగులో ఉన్న ఫోన్‌లో మాట్లాడేదెవరు? సామాను దొంగల పాలైందేమో, ముసలామెకు ఏమైందోనని ఇద్దరూ కంగారుపడ్డారు. అప్పటికే పదకొండు దాటింది, ఆటో జక్రాన్‌పల్లి దాటుతోంది. వినీతకు ఏడుపు ఆగలేదు.

"ఊకో బిడ్డా. ఇంకోసారి పిలుస్తరు తియ్యి."

"పిలువరు మామా. పిలిచినా మీరు పోనియ్యరు గద."

భూమేశ్వర్‌కు సిగ్గేసింది. ఇంకా జోరుగా పొమ్మని ఇనాయత్‌ను తొందరపెట్టాడు.

డిచ్‌పల్లి దగ్గర చాయ్ హోటల్ ముందు లారీ దొరికింది. క్యాబిన్‌లో కనకవ్వ ఫోన్ ఎత్తి పట్టుకొని ఎవరితోనో తీరిగ్గా ముచ్చట పెడుతోంది. సామాను ఎక్కిస్తున్నప్పుడు సొరుగు మోగిందట. ఆశిష్ చేశాడేమోనని ఫోన్ తీసి వెంట పెట్టుకుందట, మళ్లీ మోగితే ఎత్తిందట.

"మన్మడనుకొని పచ్చ గుర్తు ఒత్తిన. గీ పూజిత మేడం వచ్చింది. నువ్వు తానానికి పోయినవని చెప్పి, నేనే కూసున్న."

వినీత క్యాబిన్ మెట్టెక్కింది. "ఏం అడిగింది అవ్వా?"

"హియర్‌కు లిసన్‌కు ఫరక్ ఏందని అడిగింది. పొద్దుగాల చదువుకుంట నువ్వే నేర్పినవ్ గద. నా కొడుకు నా మాట హియర్ చేస్తడు గని లిసన్ చెయ్యడు అన్న. తప్పా?"

భూమేశ్వర్ తల ఎత్తి, లారీ మీద ఆకాశంలోకి కాళ్లు పెట్టిన తన సోఫాను చూశాడు.

ఫోన్‌లో, ఇంటర్వ్యూ చేస్తున్న పూజిత నవ్వు ఆపుకోలేకపోతోంది. ఇంట్లో కూర్చున్న అవ్వకు ఇంత బాగా ఎక్కించిన టీచర్‌ను తను వేరే ప్రశ్నలు అడగనవసరం లేదన్నది, సోమవారం నుంచి క్లాసులు మొదలుపెట్టమన్నది. వినీత ఏడుస్తూనే నవ్వింది. అందరి ముందూ కనకవ్వను గట్టిగా పట్టుకుంది. భూమేశ్వర్ ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు, అందులోనూ తల్లి పక్కనే ఉంది.

"దిగు అవ్వా, ఇంటికి పోదం" అన్నాడు మెల్లగా.

కృతికను చూడనిదే దిగనన్నది కనకవ్వ. దించడానికి హమాలీలు లేరు, సఫ్వాన్‌కు హైదరాబాద్‌లో వేరే లోడ్ ఉంది. సామానుతో సహా లారీ కదిలింది.

ఆ ఉగాదికి భూమేశ్వర్ ఇంట్లో గోడలు తెల్లగా మెరిశాయి, కోడలికి ఉద్యోగం వచ్చింది, పచ్చడి మాత్రం అందరూ నిలబడే తిన్నారు.