ఎర్ర బుక్కులో ముర్తుజా పేరు

ఆ సోమవారం ముర్తుజా వేసుకున్న ప్లాను చాలా చిన్నది. బెల్టు బిళ్ల తళతళలాడేలా తోముకోవాలి, పది గంటలకల్లా గేటు దగ్గర నిలబడాలి, హైదరాబాద్ నుంచి వచ్చే ఇన్‌స్పెక్టర్‌కు ఒక గట్టి సలాం కొట్టాలి. పటాన్‌చెరు సడక్ పక్కనున్న సిమెంటు రేకుల కార్ఖానాకు అతను ఎనిమిదేళ్లుగా కాపలాదారు. వేపచెట్టు నీడ, కింద ఒక స్టూలు. ఆ స్టూలంటే అతనికి ప్రాణం.

భార్య సర్వర్ బేగం చాయ్ కప్పు ఠక్కున కింద పెట్టింది.

"పక్కింటి కిటికీ చూసినవా? లతీఫ్ గుండె ఫోటో వేలాడగట్టిన్రు. కంపెనీ మోటర్ల పట్నం తీస్కపోయి తీపిచ్చిందంట. పొద్దుగాల్నుంచి బస్తీ అంతా లైను కట్టి చూస్తున్నరు. నీకు బయటి ఫోటో గూడ దిక్కు లేదు."

"గది గుండె కాదే, ఛాతి బొక్కలు."

"ఏదైతేంది? ఆయన పెండ్లాం సకీనా నడకే మారిపాయె. లతీఫ్ పేరు ఎర్ర బుక్కుల ఎక్కిందంట. ముప్పై ఏండ్లదాంక తీసెయ్యరంట. ఇగ ఆయన నౌకరీ పక్కా. నీ పేరు ఏ బుక్కుల ఉన్నదో చెప్పు జెర!"

ఎర్ర బుక్కు సంగతి నిజమే. రేకుల్లో కలిపే రాతినార, అంటే ఆస్‌బెస్టాస్, బస్తాల్లో వస్తుంది. బస్తాల గదిలో వాటిని విప్పి దులిపితే మనిషికి మనిషి కనబడడు. ఆ దుమ్ము ఎవరు ఎన్నేళ్లు పీల్చారో, డాక్టరు తీయించిన ఛాతీ ఎక్స్‌రే ఫోటోలో ఏముందో యజమాని రాసి పెట్టాలి, ఆ పుస్తకాన్ని ముప్పై ఏళ్లు దాచాలి. ఈ మాటల్లో దుమ్ము కార్ఖానాలోనే ఉండిపోయి, ఫోటో, ముప్పై ఏళ్లు మాత్రం బస్తీకి చేరాయి.

ముర్తుజాకు కడుపు మండిపోయింది. తనకన్నా రెండేళ్లు వెనక వచ్చి బస్తాల గదిలో చేరినవాడు లతీఫ్. వాడికి స్టూలు ఎక్కడిది? సైకిలెక్కి కార్ఖానాకు చేరి, గేటు వైపు చూడకుండా గుమాస్తా వెంకటేశం గదిలోకి దూరాడు.

వెంకటేశం అప్పటికే చెమటలు కక్కుతున్నాడు. బస్తాల గదిలో నలుగురుండాలి. నాలుగోవాడు అంజయ్య పొలం పనులని బొంతపల్లి వెళ్లి నెల దాటింది. ఇన్‌స్పెక్టర్ చూడబోయే ఎర్ర బుక్కులో ఈ నెల పేజీ నాలుగో వరుస ఖాళీగా వెక్కిరిస్తోంది.

"వెంకటేశం సాబ్, నా పేరు గూడ ఎక్కియ్యి."

"గిది దుమ్ముల పనిచేసేటోళ్ల బుక్కు, ముర్తుజా భాయ్."

"అయితే నేను గూడ దుమ్ములనే చేస్త. లతీఫ్ చేస్తే లేంది నేను చేస్తే ఏంది? ఎనిమిదేండ్లని రాయి."

"అబద్ధం రాస్తే నా నౌకరీ పోతది. ఇయ్యాల్టి నుంచని రాస్త, సరేనా?"

"పేరైతే ఎక్కుతది గద? చాలు!"

ఖాళీ వరుస నిండింది. ముర్తుజా ఉర్దూలో సంతకం పెట్టాడు, లతీఫ్ సంతకం కన్నా పెద్దగా. పేరెక్కినవాడు పేరుకు తగ్గట్టు కనిపించాలి కదా అని నేరుగా బస్తాల గదికి వెళ్లి రెండు బస్తాలు నెత్తిమీదే దులుపుకున్నాడు.

సరిగ్గా అప్పుడే గేటు బయట జీపు హారన్ మోగింది. తీసేవాడు లేడు. రెండోసారి మోగింది. మూడోసారికి ఇన్‌స్పెక్టరే దిగి గేటు తోశాడు. గడియకున్న గ్రీజు తెల్ల చొక్కాకు అంటింది. ఎదురుగా తలనుంచి కాలిదాకా తెల్లబడ్డ ఆకారమొకటి పరుగెత్తుకొచ్చి సలాం కొట్టింది. ఆ సలాంకు రాలిన దుమ్ముతో ఇన్‌స్పెక్టర్ వరసగా ఏడు తుమ్ములు తుమ్మాడు.

"గేటు దగ్గర మనిషి లేడా?" అని అరిచాడు.

వెంకటేశం బుక్కు వైపు, ముర్తుజా వైపు చూశాడు. గేటు మనిషి నాలుగో వరుసలో ఉన్నాడు. "ప్రస్తుతం... ఖాళీ సార్," అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ బుక్కు తిప్పాడు. "లతీఫ్, ఆరేళ్లు! ఫోటోలో మచ్చ ఉందని డాక్టరు రాస్తే ఇంకా ఈ గదిలోనే ఉంచారా? ఇవాళే దుమ్ము లేనిచోటికి మార్చండి. గేటు ఖాళీ అన్నారుగా, అక్కడ వేయండి."

ముర్తుజా ముందుకు దూకాడు. "సాబ్, గేటు నాది! ఆ స్టూలు నాది!"

"మీ పేరు?"

"ముర్తుజా."

"మీరు బస్తాల గది. సంతకం కూడా ఉంది. ఇవాళే చేరారు, ఊపిరి కొత్తది. మూతికి గుడ్డ కట్టుకోండి, బస్తాలు తడిపి విప్పండి."

జీపు వెళ్లగానే ముర్తుజా గుమాస్తా చేతులు పట్టుకున్నాడు. "నీ కాల్మొక్త, కొట్టెయ్యి సాబ్!"

"కొట్టివేతలు ఉండొద్దు భాయ్. రూలు. ఒక్కసారి ఎక్కితే ముప్పై ఏండ్లు."

సాయంత్రం ఇంటి ముందు తెల్లగా నిలబడి దగ్గుతున్న మొగుణ్ణి చూసి సర్వర్ బేగం బిందె వదిలేసింది. "ఎక్కిచ్చుకున్నవా?"

"ఎక్కిచ్చుకున్న," అన్నాడు ముర్తుజా. సంగతంతా చెప్పాడు. ఆమె కొంగుతో అతని ముఖం తుడుస్తూ, తన నోటిని తానే తిట్టుకుంటూ ఏడ్చింది. ఏడుస్తూనే పక్కింటి కిటికీ వైపు ఒకసారి చూసింది. కంపెనీవాళ్లు ఫోటోను ఫైలు కోసం పట్టుకుపోయారు, కిటికీ బోసిగా ఉంది. అయినా ఆమె కడుపుమంట చల్లారలేదు.

మర్నాడు వేపచెట్టు నీడలో స్టూలు మీదినుంచి లతీఫ్ లేచి గేటు తీశాడు. "ముబారక్ భాయ్, బుక్కుల ఎక్కినవంట!" అన్నాడు మనస్ఫూర్తిగా.

సర్వర్ బేగం కోరినట్టే కార్ఖానాలో ముర్తుజా పేరు ముప్పై ఏళ్లకు పక్కా అయింది. స్టూలు మాత్రం పక్కింటివాళ్లకు పోయింది.