ఇంటికో యూనియన్ కార్యదర్శి ఉండాలి

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన మీద ఫిర్యాదు చేయాలంటే ఆయన దగ్గరికే వెళ్లాలి!

మా ఊరి టీచర్ల యూనియన్‌కి ఆయన ఇరవై రెండేళ్లుగా కార్యదర్శి. పెళ్లీ, పదవీ ఒకే ఏడాది వచ్చాయి. రెంటిలో ఒకదానికే ఏటా ఎన్నిక ఉంటుంది, అదీ నాది కాదు. ఎవరికే కష్టమొచ్చినా ముందు ఓపిగ్గా వింటారు, తర్వాత కాగితం మీద రాసిమ్మంటారు, ఆపైన మీటింగులో పెడతానంటారు. పెళ్లయిన కొత్తలో నేను "మీరు నా మాట వినరు" అని ఏడిస్తే, "పాయింటు బావుంది, అజెండాలో చేరుద్దాం" అన్న మనిషి.

అయినా సరే, బాగా ఆలోచించే చెబుతున్నాను. ప్రతి ఇంట్లోనూ ఒక యూనియన్ కార్యదర్శి ఉండి తీరాలి! ఫ్రిజ్జు లేకపోయినా గడుస్తుంది, ఇది లేకపోతే గడవదు.

మీ వంటింటి కుళాయి కారితే ఏం చేస్తారు? ప్లంబర్ని పిలుస్తారు. అతనొచ్చి బాగుచేసి పోతాడు. ఇక మాట్లాడుకోవడానికి ఏం మిగిలింది? మా ఇంట్లో కుళాయి మీద ముగ్గురితో సబ్ కమిటీ పడింది. మా ఆయన కన్వీనరు, మా అత్తగారు సలహాదారు, నేను సభ్యురాలిని. అంటే కింద గిన్నె పెట్టేదాన్ని. కుళాయి నాలుగు నెలలు కారింది. ఆ నాలుగు నెలల్లో మేం ముగ్గురం కలిసి కూర్చుని మాట్లాడుకున్నంతగా ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అది కాస్తా బాగయ్యాక ఇల్లు బోసిపోయింది.

ఒకసారి నేను సమ్మె చేశాను. ఉత్తుత్తిది కాదు. పద్నాలుగు రోజుల నోటీసిచ్చి, అయిదు డిమాండ్లు రాసి వంటింటి తలుపుకి అతికించి, హాల్లో కుర్చీ వేసుకుని నవల పట్టుకుని కూర్చున్నాను. ఇంకో మొగుడైతే ఏం చేసేవాడు? ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు. మా ఆయన నోటీసు రెండుసార్లు చదివారు. కళ్లజోడు తుడుచుకున్నారు. ఇంకో కుర్చీ తెచ్చుకుని నా పక్కన కూర్చున్నారు. సంఘీభావం! కాసేపటికి వాళ్లమ్మగారిని కూడా పిలిచి కూర్చోబెట్టారు. యాజమాన్యం దిగొచ్చేదాకా ముగ్గురం కదలకూడదనుకున్నాం. యాజమాన్యం ఎవరో ఎంతకీ తేలక, ఆకలికి తట్టుకోలేక నేనే లేచి పొయ్యి వెలిగించాను. "అంత ఐకమత్యంగా సాగిన సమ్మె నేనెక్కడా చూడలేదు" అని ఆయన ఇప్పటికీ కనబడ్డవాళ్లందరికీ చెబుతుంటారు.

ఇలాంటి సుఖం మీకు వేరే ఎక్కడ దొరుకుతుంది?

ఇక యూనియన్ చరిత్ర. అది మా మంచం కింద రెండు ట్రంకు పెట్టెల్లో ఉంటుంది. అందుకే నాకు నడుం నొప్పొచ్చినా మంచం జరపడానికి వీల్లేదు.

నలభై నాలుగేళ్ల కిందట ఒక వానాకాలం, ప్రాథమిక పాఠశాల పైకప్పు కారింది. టీచర్లు తరగతి గదుల్లో గొడుగులు వేసుకుని, పిల్లల్ని కూడా వాటి కిందికి పిలిచి పాఠాలు చెప్పారు. తనిఖీకొచ్చిన ఇన్‌స్పెక్టరుగారు, గదిలో గొడుగు వేయడం క్రమశిక్షణ కాదు, మూసేయండి అన్నారు. ఏడుగురు టీచర్లు మూయలేదు. యూనియన్ ఆ గొడుగుల కిందే పుట్టింది. ఆ ఏడుగురిలో మా అత్తగారు ఒకరు. అప్పటికి ఆవిడ ఉద్యోగంలో చేరి మూడు నెలలు.

విచిత్రమేమిటంటే ఆ ఏడుగురూ పెరుగుతున్నారు. పదో వార్షికోత్సవానికి పదకొండు మంది అయ్యారు. ఇప్పుడు పంతొమ్మిది. రిటైరైన ప్రతి టీచరూ ఆ రోజు ఆ గదిలోనే ఉన్నారు! ఇంకో పదేళ్లు పోతే గొడుగుల ఊసే అక్కర్లేదు, అంతమంది తలలు చాలు కప్పుకి. మా అత్తగారిని అడిగితే, "ఏడుగురమే. అందులో రెండు చిరుగు గొడుగులు" అంటారు. ఆవిడ మాట ఎవరూ రాసుకోరు. కళ్లారా చూసినవాళ్లు చరిత్రకి ఎప్పుడూ అడ్డమే కదా!

వేళాకోళం కాసేపు పక్కన పెడతాను, నాకు కష్టమైనా. యూనియన్‌వాళ్లు పని చేశారు. వరదొచ్చిన ఏడాది ఇంటింటికీ తిరిగి తడిసిన పాఠ్యపుస్తకాలు పోగుచేసి, ఒక్కో కాగితం విడదీసి తాళ్ల మీద ఆరేశారు. నా బట్టల తాళ్ల మీద. రెండు వారాలు మా ఇంటిల్లిపాదీ చెమ్మ బట్టలు కట్టుకున్నాం, పక్కవీధి పిల్లలు పొడి పుస్తకాలు చదువుకుని పరీక్ష రాశారు. దాని గురించి నేను ఇంతవరకూ ఫిర్యాదు చేయలేదు. ఇదీ ఫిర్యాదు కాదు.

అన్నిటికంటే మంచి పని ఆదివారం బడి. చిన్నప్పుడు చదువు దొరకనివాళ్లు, వారమంతా ఒళ్లొంచి పనిచేసేవాళ్లు, ఆదివారం రెండు గంటలు వచ్చి అక్షరాలు నేర్చుకుంటారు. నీళ్ల ఆఫీసు వెనకాల మున్సిపాలిటీవాళ్ల పాత స్టోరు గదిలో తొమ్మిదేళ్లుగా నడుస్తోంది. టీచర్లు వంతులేసుకుని చెబుతారు. ఇప్పుడు పన్నెండు మంది వస్తున్నారు. బేకరీలో పిండి కలిపే ఆయన, వాచ్‌మెన్ ఒకాయన, మా వీధి చివర మిషను కుట్టే టైలరమ్మ, అలా.

పోయిన వారం మున్సిపల్ ఆఫీసునుంచి కాగితం వచ్చింది. ఆ గదిలో విరిగిన బల్లలు పడేసుకోవాలట. కాదు మాకే కావాలంటే, శుక్రవారం నాలుగు గంటల్లోగా దరఖాస్తు ఇవ్వాలట. గది ఎవరు వాడుతున్నారు, ఎందుకు వాడుతున్నారు. ఒక్క పేజీ మించకూడదు.

ఒక్క పేజీ! టీచర్లకి! అంతకంటే బల్లలు వాళ్ల నెత్తిన పడేసినా బాగుండేది.

మొదటిరోజే మా ఆయన అరపేజీ రాశారు. చక్కగా ఉంది. అక్కడే వచ్చింది చిక్కు. టీచరు చేతికి ఇంకొకరు రాసిన కాగితం ఇచ్చి చూడండి, ఎర్ర పెన్ను దానంతటదే జేబులోంచి లేచొస్తుంది. యూనియన్ అధ్యక్షులు లెక్కల మాస్టారు, "ఇందులో మన చరిత్ర ఏదీ?" అన్నారు. చరిత్ర చేరింది. ఆ గదిలోకి కుర్చీలు మోసిందెవరో రాయలేదన్నారు డ్రిల్లు మాస్టారు. మోసినవాళ్ల పేర్లు చేరాయి. పేర్లు చేరాక ఎవరి పేరు ముందుండాలనే ప్రశ్న పుట్టింది. ఉద్యోగంలో చేరిన తేదీ ప్రకారమా, యూనియన్‌లో చేరిన తేదీ ప్రకారమా? సబ్ కమిటీ! సైన్సు టీచరమ్మ అయితే మొత్తం చదివి, పదికి ఆరు మార్కులేసి, కింద "ఇంకా బాగా రాయగలరు" అని సంతకం కూడా పెట్టారు.

బుధవారానికి దరఖాస్తు ముప్పై ఒక్క పేజీలు.

ఆ మధ్యాహ్నమే టైలరమ్మ నేనిచ్చిన దిండు గలీబులు కుట్టి తెచ్చింది. ఇచ్చేసి కూడా గుమ్మంలోనే నిలబడింది. ఆస్పత్రివాళ్లు రోగుల గౌన్లు కుట్టే పని ఆమెకే ఏడాది పొడుగునా ఇస్తామన్నారట. కానీ ఆర్డరు కాగితం తనే చదువుకోవాలి, కొలతలు తనే రాసివ్వాలి. ఇన్నాళ్లూ పక్కింటమ్మాయి చదివిపెట్టేది. పోయిన ఏడాది ఒకసారి ఆ అమ్మాయి ఊళ్లో లేకపోతే, అందాజున ముప్పై గౌన్లకి పొట్టి చేతుల బదులు పొడుగు చేతులు కుట్టేసి, మళ్లీ అన్నీ విప్పి కుట్టింది.

"చదవడం వచ్చేసిందక్కా. రాయడమే ఒక్కో అక్షరం పట్టుకుని వేలాడుతున్నాను. ఇంకో నాలుగు నెలలు బడి ఉంటే చాలు. ఉంటుందంటారా?" అంది.

"యూనియన్ చూస్తోందమ్మా" అన్నాను. ఇరవై రెండేళ్లుగా మా గుమ్మంలో నేను చెప్పే మాటే అది. ఎందుకో ఆ రోజు ఆమె మొహం చూశాక ఆ మాట నాకే రుచించలేదు.

సాయంత్రం మా ఆయనతో అన్నాను, "గది ఎవరు వాడుతున్నారని కదా అడిగారు? వాడేవాళ్ల చేతే రాయించకూడదూ?"

ఆయన ఎర్ర పెన్నుకి మూత పెట్టారు. "వాళ్ల తరఫున మాట్లాడ్డానికే కదా మనమున్నది. అయినా, వాళ్లేం రాస్తారు?"

నేను వాదించలేదు. నోరు లేక కాదు, పద్నాలుగు రోజుల నోటీసుకి టైము లేక.

గురువారం మా అత్తగారూ నేనూ టైలరమ్మ కొట్టుకి వెళ్లాం. మిషను మీద గుడ్డలు పక్కకి జరిపి, ఆమె కాగితం ముందు కూర్చుంది. రెండు గంటలు పట్టింది. మధ్యలో రెండుసార్లు పెన్సిలు కింద పెట్టేసి, "నావల్ల కాదు పెద్దమ్మా, మీరే రాసెయ్యండి" అంది. మా అత్తగారు చేతులు కట్టుకుని కూర్చున్నారు. "నేను రాస్తే నా దరఖాస్తవుతుంది. నాకు గదెందుకూ, ఇల్లుంది" అన్నారు. పొద్దువాలేలోగా మిగిలిన పదకొండు మందీ వచ్చి సంతకాలు పెట్టారు. వేలిముద్ర ఒక్కటీ లేదు.

శుక్రవారం రెండింటికి మా హాల్లో యూనియన్ అత్యవసర సమావేశం. పద్నాలుగు మంది టీచర్లు, నలభై పేజీల దరఖాస్తు. మిగిలిన సమస్య ఒక్కటే: గొడుగులు మూయనివాళ్లు ఏడుగురా, పంతొమ్మిది మందా? అందరికీ టీ ఇచ్చి నేను బయటపడ్డాను. ఓటు లేనివాళ్లకి ఉన్న గొప్ప సౌకర్యం ఇదే, మధ్యలో లేచిపోవచ్చు!

టైలరమ్మా నేనూ మున్సిపల్ ఆఫీసుకి వెళ్లాం. గుమాస్తాగారు ఆమె రాసిన కాగితం చదివారు. ఇంకోసారి చదివి లోపలికి తీసుకెళ్లారు. ఆఫీసరే బయటికొచ్చారు. కాగితంలో ఉన్నది ఇంతే:

"మేము పన్నెండు మందిమి ఆదివారం ఈ గదిలో చదువుకుంటాము. నేను బట్టలు కుడతాను. ఈ కాగితం నేనే రాశాను. ఈ గదిలోనే నేర్చుకున్నాను. మీ విరిగిన బల్లలు కూడా ఇక్కడే పెట్టండి. వాచ్‌మెన్‌కి వడ్రంగం వచ్చు. బాగుచేసి వాటి మీదే రాసుకుంటాము. మీకు కావాలన్నప్పుడు తిరిగి ఇస్తాము."

"ఎవరు రాశారిది?" అన్నారు ఆఫీసరు.

"నేనేనండి" అంది టైలరమ్మ. అంటూ నా వెనక్కి జరగబోయి, మళ్లీ ఎందుకో ఆగిపోయింది.

"బల్లలు నిజంగానే బాగుచేస్తారా?"

"రెండు ఆదివారాలు చాలండి."

మూడూ ఇరవైకి ముద్ర పడింది.

నేను ఇంటికొచ్చేసరికి నాలుగూ పది. హాల్లో చప్పట్లు మోగుతున్నాయి. ఏడుకీ పంతొమ్మిదికీ లెక్కల మాస్టారు సగటు తీశారట. పదమూడు! తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ఆ ఆనందంలోనే డ్రిల్లు మాస్టారు గోడ గడియారం వైపు చూశారు.

చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పద్నాలుగు మంది టీచర్లు, పరీక్షకి ఆలస్యంగా వచ్చిన పిల్లల్లా, ఎవరి కాళ్లు వాళ్లు చూసుకున్నారు. మా ఆయన నలభై పేజీలూ ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయారు. తొమ్మిదేళ్ల కష్టం ఆయనది. అప్పుడు మాత్రం నాకు జాలేసింది.

రసీదూ, దరఖాస్తు నకలూ తెచ్చి బల్ల మీద పెట్టాను.

"ఇది ఏ తీర్మానం ప్రకారం ఇచ్చారమ్మా?" అన్నారు లెక్కల మాస్టారు, కాస్త తేరుకున్నాక.

లోపలి గదిలోంచి మా అత్తగారు జవాబిచ్చారు. "మేం గొడుగు మూయనిది ఏ తీర్మానం ప్రకారం నాయనా? పని ముందు చేశాం. రాసుకోవడం తర్వాత రాసుకున్నాం."

మా ఆయన నకలు చదివారు. ఎర్ర పెన్ను బల్ల మీదే ఉంది, ముట్టుకోలేదు.

కాబట్టి పాఠకులారా, నా మాట మీద నేను నిలబడే ఉన్నాను. ఇంటికో కార్యదర్శి ఉండాలి. అందరి తరఫునా మాట్లాడే మనిషి ఇంట్లో ఉండటం ఎంత హాయి! మిగిలినవాళ్లు నోరు తెరవక్కర్లేదు. కాకపోతే కొన్నాళ్లకి, వాళ్లకీ నోరుందన్న సంగతి ఆయన మర్చిపోతారు. ఇంకొన్నాళ్లకి వాళ్లూ మర్చిపోతారు. నాకున్న ఫిర్యాదు ఒక్కటేనని మొదట అబద్ధం చెప్పాను. రెండోది ఇది.

మొన్న ఆదివారం బడికి నేనూ వెళ్లాను. అనుమతి కాగితంతో పాటు ఎనిమిది బల్లలు దిగాయి. వాచ్‌మెన్ ఒకదాని కాలికి మేకు కొడుతున్నాడు. లెక్కల మాస్టారు బల్లలు లెక్కపెడుతున్నారు. పాఠం వంతు మా ఆయనది. పన్నెండు మందీ పుస్తకాలు తెరిచారు. ఆయన సుద్దముక్క తీసుకుని, బోర్డు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి సుద్దముక్క కింద పెట్టేశారు.

"పాఠానికి ముందు ఒక మాట. పోయిన బుధవారం, దరఖాస్తు మీ చేత రాయించమంటే, 'వాళ్లేం రాస్తారు' అన్నాను. మా ఇంట్లో అన్నాను, మీకెవరికీ వినపడలేదు. అన్నది మాత్రం నిజం."

టైలరమ్మ పుస్తకంలోంచి తలెత్తింది. వాచ్‌మెన్ సుత్తి ఆపాడు. లెక్కల మాస్టారు గొంతు సవరించుకుని, ఇలాంటివి మీటింగులో పెట్టి చర్చిస్తే పద్ధతిగా ఉంటుందేమో అన్నారు.

"చర్చేం లేదు మాస్టారూ" అన్నారు మా ఆయన. "తప్పు నాది."