పన్నెండు మాటలు, ఒక పాత కుర్చీ

పాటల బాబాయికి చాలా ఏళ్ళుగా ఒక అనుమానం ఉంది. డబ్బు మన చేతిలో లేనప్పుడు ఎక్కడ ఉంటుంది? దేవుడు కనిపించడని ఆయనకు తెలుసు. ఆ విషయంలో ఆయనకు ఏ పేచీ లేదు, రోజూ దణ్ణం పెట్టుకోనిదే గడప దాటడు. కనిపించని డబ్బు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనసు మొరాయించేది. ఒకసారి బ్యాంకులో గుమాస్తాను అడిగాడు కూడా.

"బాబూ, నా డబ్బు ఎక్కడుంది?"

"మీ ఖాతాలో."

"ఖాతా ఎక్కడుంది?"

"సర్వర్‌లో."

"ఆ సర్వర్ ఎక్కడుంది?"

"మీ వెనకాల పదిమంది నిలబడి ఉన్నారు. కొంచెం జరగండి."

బాబాయి జరిగాడు. అనుమానం మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది.

ఆయనది ఒకే కుర్చీ ఉన్న చిన్న సెలూన్. కత్తెర పట్టుకుంటే నోట్లో ప్రార్థన గీతం ఉండాలి. తాళానికి తగ్గట్టు కత్తెర ఆడుతుంది, నోరు ఆగితే చెయ్యి ఆగుతుంది. అందుకే వీధి అంతా ఆయన్ని పాటల బాబాయి అంటారు. పాటలో పెట్టుకున్నది ఏదీ ఆయన మరిచిపోడు. పాటలో పెట్టనిది ఏదీ ఆయనకు గుర్తుండదు. భార్య కూడా కూరగాయల జాబితాను రాగం తీసి మరీ చెబుతుంది.

కుర్చీకీ సెలూన్‌కీ ఒకటే వయసు, ఇరవై రెండేళ్ళు. ఎత్తు మార్చే మీట కొన్న రోజునే విరిగింది. పొడుగువాళ్ళు కిందికి జారి కూర్చోవాలి, పొట్టివాళ్ళు చెక్క వేసుకుని కూర్చోవాలి, ఎవరు కూర్చున్నా బాబాయి వంగాలి. గడ్డం గీయడానికి వెనక్కి వాల్చితే కుర్చీ కిర్రుమనేది, ఆ వెంటనే లోపల గలగలమనేది. స్ప్రింగులు ఊడిపోయాయని బాబాయి నమ్మకం. డాక్టరు ఆయన నడుము చూసి, కుర్చీ అయినా మార్చు, వృత్తి అయినా మార్చు అన్నాడు. భార్య మూడేళ్ళు బట్టలు కుట్టి, పాత బిస్కెట్ డబ్బాలో కొత్త కుర్చీకి డబ్బు కూడబెట్టింది.

ఆ డబ్బా మీద బామ్మర్ది కన్ను పడింది. అతను ఒక ఆఫీసులో ఉద్యోగం చేస్తాడు. భవిష్యత్తు గురించి మాట్లాడటం సైడు వ్యాపారం.

"బావా, కుర్చీల షాపాయన క్రిప్టోలో కడితే ఐదోవంతు తగ్గిస్తానన్నాడు. ఈ డబ్బు పెట్టి క్రిప్టో కొనేద్దాం. మూడు వారాల తరవాత మిగతావన్నీ పాతబడిపోతాయి చూడు. నోటు, కార్డు, ఫోన్ బదిలీ, అన్నీ."

అతను సెలూన్‌లోనే ఒక నమూనా చూపించాడు. తాను కటింగ్ చేయించుకుని క్రిప్టోలో కట్టాడు. డబ్బు చేరినట్టు కన్ఫర్మ్ అవడానికి నలభై నిమిషాలు పట్టింది. మధ్యలో పట్టుకున్న రుసుము కటింగ్ కన్నా ఎక్కువైంది.

"గోడమీద గళ్ళగళ్ళ బొమ్మకి ఫోన్ చూపిస్తే రెండు సెకన్లలో పడిపోతుంది కదరా. నోటయితే నేరుగా సొరుగులోకే వెళ్తుంది. ఈ నలభై నిమిషాల డబ్బు మనకెందుకు?" అన్నాడు బాబాయి.

"ఇది భవిష్యత్తు బావా."

"భవిష్యత్తు ఇంత ఆలస్యంగా వస్తుందా?"

అయినా ఐదోవంతు తగ్గింపు అనేసరికి భార్య డబ్బా మూత తీసింది. బామ్మర్ది తన ఫోన్‌లో బావ పేరున ఒక ఖాతా తెరిచాడు. ఆ ఖాతాకు తాళంచెవి పన్నెండు మాటలట. అవి తెలిస్తే ప్రపంచంలో ఏ ఫోన్ నుంచైనా డబ్బు తీయొచ్చు, మరిచిపోతే ఎవరూ తీయలేరు.

"కాగితం మీద రాయొద్దు. ఎవరికీ చెప్పొద్దు. ఎవరి కంటా పడకూడదు. మనసులో పెట్టుకో" అని బావ చెవిలో ఊదాడు.

బాబాయి మనసులో పెట్టుకున్నాడు. అంటే, తనకు తెలిసిన ఒకే ఒక్క పద్ధతిలో పెట్టుకున్నాడు.

మూడు వారాలు గడిచాయి. కుర్చీ వచ్చే రోజు పొద్దున్నే బాబాయి మామూలు కన్నా ముందే షాపు తెరిచాడు. వేడినీళ్ళ గిన్నె పొయ్యి మీద పెట్టి, తువాళ్ళు మడతపెట్టి, అద్దం తుడిచాడు. మధ్యాహ్నం పన్నెండింటికి కుర్చీ వస్తుంది. డబ్బు కట్టడానికి బామ్మర్ది ఆఫీసుకు సెలవు పెట్టి వస్తాడు. భార్య భోజనం తెచ్చి, కుర్చీ చూసి వెళ్తుంది. అంతవరకూ పథకం సజావుగానే ఉంది.

ముందుగా రిటైర్డ్ హెడ్‌మాస్టారు వచ్చి కూర్చున్నారు. ఆయన ఫోన్‌లో కూడా బామ్మర్ది క్రిప్టో ఎక్కించాడు. సెలూన్ ముందు ఒక బోర్డు కూడా పెట్టాడు. దానిమీద కటింగ్ ధర సున్నా, చుక్క, మూడు సున్నాలు, నాలుగు అని ఉంటుంది. బాబాయి ఎడమవైపు పూర్తిచేసి కుడివైపుకు రాగానే హెడ్‌మాస్టారు చెయ్యెత్తారు.

"ఆగు. రేటు పెరుగుతోంది."

"ఏ రేటండీ?"

"క్రిప్టో రేటు. బోర్డు మీద నీ ధర మారదు కదా. ఇప్పుడు పూర్తి చేశావంటే నేను ఒక కటింగ్‌కి ఒకటిన్నర కటింగ్ డబ్బు కట్టినట్టు. కాసేపట్లో పడుతుంది, అప్పుడు చేద్దువుగాని."

ఆయన లేచి బెంచీ మీద కూర్చున్నారు. ఎడమవైపు నుంచి చూస్తే ఉద్యోగంలో చేరబోయే కుర్రవాడు, కుడివైపు నుంచి చూస్తే సన్యాసం పుచ్చుకున్న పెద్దమనిషి. తరవాత బస్సు డ్రైవరు కూర్చున్నాడు. ముందరి జుట్టు అయి వెనకది మిగిలి ఉండగా అతనూ ఫోన్ చూసుకున్నాడు.

"నాదీ ఆపు బాబాయ్. రెండింటికి డ్యూటీ ఉంది, అప్పటికి పడిపోదూ?"

పదకొండైనా రేటు పడలేదు. సగం సగం తలలతో ఇద్దరూ బెంచీ మీద ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. వీధిలో వెళ్ళేవాళ్ళు తొంగిచూసి, ఇది కొత్త ఫ్యాషనేమో అనుకుని ముందుకు నడిచారు. తోచక హెడ్‌మాస్టారు కాలితో తాళం వేస్తూ పాడటం మొదలుపెట్టారు. డ్రైవరు గొంతు కలిపాడు.

"గొడుగు నిమ్మకాయ నిచ్చెన మేఘం, చెంచా ఒంటె కిటికీ ఉప్పు, వంతెన సబ్బు గుర్రం గంట..."

సరిగ్గా అప్పుడే బామ్మర్ది లోపల కాలు పెట్టాడు. గడప మీదే కొయ్యబారిపోయాడు.

"బావా, వీళ్ళు పాడేదేంటి?"

"నా పాటేరా. నువ్వు మనసులో పెట్టుకోమన్నావుగా. మనసులో నిలవాలంటే రోజుకు పదిసార్లయినా పాడుకోవద్దూ?"

"పైకా?"

"లోపల్లోపల పాడితే కత్తెర ఆడదు కదరా."

"మంచి పాటేనయ్యా. అర్థం చిక్కకపోయినా భక్తి ఉంది. మా మనవరాలికి కూడా నేర్పాను" అన్నారు హెడ్‌మాస్టారు.

"మా డిపోలో అందరికీ వచ్చు" అన్నాడు డ్రైవరు.

బామ్మర్దికి ముచ్చెమటలు పోశాయి. వెంటనే ఫోన్ తెరిచాడు. డబ్బు మొత్తం అక్కడే ఉంది, పైసా కదల్లేదు. అది చూసి అతను ఇంకా కంగారుపడ్డాడు.

"ఇంకా ఎవరూ తీయలేదు. ఇప్పుడే కొత్త ఖాతాలోకి మార్చేయాలి. కొత్త మాటలు ఇస్తుంది. పెన్నేదీ, పెన్ను?"

"రాయకూడదన్నావుగా?"

"నాకు పాడటం రాదు బావా, రాయాల్సిందే."

పెన్ను దొరికింది కానీ అది రాయలేదు. బామ్మర్ది గడ్డం సబ్బు నురగలో వేలు ముంచి, కొత్త పన్నెండు మాటలను గబగబా అద్దం మీద రాసేశాడు. డబ్బు పాత ఖాతా నుంచి కొత్త ఖాతాలోకి పంపాడు. ఆశ్చర్యంగా ఈసారి ఐదు నిమిషాల్లోనే కన్ఫర్మ్ అయింది. ఆ సంతోషంలో, బెంచీ మీద ఉన్న ఇద్దరికీ తెర కనబడకుండా ఫోన్ పైకెత్తి పట్టుకుని వెనక్కి నడిచాడు. మోచెయ్యి గోడకు తగిలింది. ఫోన్ వేడినీళ్ళ గిన్నెలో పడి, రెండు బుడగలు వదిలి ఊరుకుంది.

అందరూ గిన్నెలోకి తొంగిచూశారు. బామ్మర్ది మాత్రం చిరునవ్వు నవ్వాడు.

"ఏం ఫరవాలేదు. దీని గొప్పతనమే అది. ఫోన్ పోయినా డబ్బు పోదు, మాటలుంటే చాలు. మాటలు అద్దం మీద..."

అందరూ అద్దం వైపు తిరిగారు. అద్దం తళతళలాడుతోంది. అందులో రెండు సగం తలలు, ఒక తెల్లబోయిన ముఖం, తడిగుడ్డ పట్టుకున్న పాటల బాబాయి ఎంతో స్పష్టంగా కనబడ్డారు.

"ఎవరి కంటా పడకూడదన్నావు కదరా" అన్నాడు బాబాయి.

"ఒక్కటైనా గుర్తుందా బావా?"

"మొదటిది ఏదో పక్షి. నెమలో కాకో. పాట కట్టుకునే టైమిచ్చావా నువ్వు?"

మూడు వారాలు ఊరందరి నోళ్ళలో నానినా చెక్కుచెదరని డబ్బు, రహస్యంగా మారిన పది నిమిషాలకే ఎవరికీ కాకుండా పోయింది.

పన్నెండింటికి ముగ్గురూ కూడబలుక్కున్నట్టు ఒకేసారి వచ్చారు. భార్య భోజనం క్యారియర్‌తో, కుర్చీల షాపాయన రసీదు పుస్తకంతో, కొత్త కుర్చీ ఇద్దరు కూలీల భుజాల మీద. భార్య అందరి ముఖాలూ ఒకసారి చూసింది. సగం తలలను రెండోసారి చూసింది.

"ఏమండీ, డబ్బేదీ?"

"ఉంది" అన్నాడు బాబాయి.

"ఎక్కడ?"

బాబాయి బామ్మర్ది వైపు చూశాడు. ఆ ప్రశ్నకు జవాబు తెలియకే కదా ఆయన ఇన్నేళ్ళుగా తిరుగుతున్నది. చివరికి బామ్మర్ది సంగతంతా చెప్పాడు. డబ్బు నిజంగానే ఉందనీ, ప్రపంచంలో ఎవరైనా దాన్ని చూడొచ్చనీ, ఎవరూ తీయలేరనీ చెప్పాడు. మూడేళ్ళ కుట్టుపని భార్య వేళ్ళలో ఒక్కసారి కదిలినట్టయింది. పాత కుర్చీ చేతిమీద కూలబడింది. కుర్చీ పక్కకు ఒరిగింది. కిర్రుమంది, ఆ వెంటనే గలగలమంది.

ఆమె తలెత్తింది. "ఇందులో ఏముంది?"

"స్ప్రింగులు" అన్నాడు బాబాయి.

"మగవాళ్ళ జేబులు తిరగేయకుండా ఉతికినదాన్నా నేను? అది స్ప్రింగు చప్పుడు కాదు. ఓ బాబులూ, దీన్ని బోర్లా తిప్పండి."

కూలీలు తిప్పారు. సీటుకూ వీపుకూ మధ్య సందులోంచి ముందు ఒక నాణెం పడింది. తరవాత రెండు. ఆమె కత్తెర తీసుకుని అడుగుగుడ్డ చింపింది. ఇరవై రెండేళ్ళుగా గడ్డానికి వెనక్కి వాలిన ప్రతి జేబూ జార్చుకున్న చిల్లర నేలమీద కుప్పగా పోసినట్టు పడింది. నాణేలతో పాటు ఆరు బస్సు టిక్కెట్లు, ఒక బీరువా తాళంచెవి, హెడ్‌మాస్టారి పాత పెన్ను మూత కూడా ఉన్నాయి.

సగం తలలవాళ్ళిద్దరూ నేలమీద కూర్చుని లెక్కపెట్టారు. కుర్చీ ఖరీదులో సగానికి కొంచెం తక్కువ వచ్చింది.

"ఇది నాది కాదు. ఇక్కడ కూర్చున్నవాళ్ళది" అన్నాడు బాబాయి.

"కూర్చున్నవాళ్ళం మేమేగా. అడిగినవాళ్ళకి ఇచ్చెయ్. అడగనివాళ్ళు కుర్చీకి చందా ఇచ్చారనుకో. ఇన్నేళ్ళూ చెక్క మీద కూర్చున్నాను, నాకూ కుర్చీ కావాలి" అన్నారు హెడ్‌మాస్టారు.

కుర్చీల షాపాయన చిల్లర కుప్ప వైపు చూసి సరేనన్నాడు. ఐదోవంతు తగ్గింపు మాత్రం లేదన్నాడు.

"మిగతాది నెలనెలా మా తమ్ముడు కడతాడు. నోట్లలో. కట్టడం అయ్యేదాకా ఆదివారాలు ఇక్కడ జుట్టు ఊడుస్తాడు కూడా" అంది భార్య.

బామ్మర్ది భవిష్యత్తు గురించి ఏదో అనబోయి, అక్క ముఖం చూసి చీపురు ఎక్కడుందని అడిగాడు. బాబాయి బయటి బోర్డు తెచ్చి వెనక్కి తిప్పి, ఈ షాపులో నాణెం పోగొట్టుకున్నవారు చెప్పి తీసుకెళ్ళవచ్చు అని రాశాడు.

కొత్త కుర్చీలో మొదట హెడ్‌మాస్టారు కూర్చున్నారు. మీట నొక్కగానే ఆయన పైకి లేచారు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి బాబాయి వంగకుండా పాడాడు. కటింగ్ పూర్తయ్యాక హెడ్‌మాస్టారు ఫోన్ తీయలేదు. కుప్పలోంచి ఒక ఐదు రూపాయల నాణెం ఏరుకున్నారు.

"పెన్ను మూత నాదైతే దాని పక్కనున్న ఇదీ నాదే. నీ కటింగ్ డబ్బులో ఇది ముందు తీసుకో. మిగతాది నోటుగా ఇస్తాను."

బాబాయి ఆ నాణేన్ని అరచేతిలో పెట్టుకుని కాసేపు చూశాడు. తరవాత వీధి దాటి ఎదురుగా ఉన్న టీ బండి దగ్గరికి వెళ్ళాడు.

సెలూన్ తెరిచిన మొదటి రోజు, మొదటి కస్టమరుకు ఇవ్వడానికి చిల్లర లేకపోతే, ఆ టీ బండి అక్క ఒక ఐదు రూపాయల నాణెం చేబదులిచ్చింది. మర్నాడు ఇస్తానన్నాడు. నాణెం ఉన్ననాడు అక్క గుర్తుకు రాలేదు, అక్క ఎదురైననాడు నాణెం లేదు. తరవాత ఫోన్లు వచ్చి నాణేలే కనబడటం మానేశాయి. టీ డబ్బుల్లో కలుపుకోమంటే ఆమె ఒప్పుకోదు.

"టీ లెక్క టీ లెక్కే, చేబదులు చేబదులే. నాణెం ఇచ్చాను, నాణెమే తీసుకుంటా" అనేది.

"అక్కా, ఇదిగో."

ఆమె నాణేన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా తమ్ముడూ?"

"పాటలో పెట్టుకోలేదక్కా."

ఆమె నవ్వి, డబ్బా మూత తీసి నాణెం లోపల వేసింది. టంగుమంది. ఆ చప్పుడు వీధికి ఇవతల ఉన్న బామ్మర్దికి కూడా వినబడింది.

కన్ఫర్మ్ అవడానికి ఇరవై రెండేళ్ళు పట్టింది కానీ, రుసుము ఏమీ పడలేదు.