మాస్టారి కారు తాళం

ఆదివారం పొద్దున్నే భూగోళం మాస్టారు తన కారు తాళాన్ని పాత కళ్లజోడు పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను చేతిసంచి అడుగున దాచారు. ఇంట్లో వదిలేస్తే మళ్లీ మెట్లెక్కి తెచ్చుకుంటానేమోనని ఆయనకు తన మీదే అనుమానం. శుక్రవారం తరగతిలో నలభై ముగ్గురి ముందు ఒట్టేశారు మరి: ఆదివారం పెద్ద పార్కుకు బస్సులో వెళ్లి బస్సులోనే తిరిగొస్తాను, నా వల్ల ఒక్క బండి కూడా పొగ వదలదు అని. "మీరు గెలిస్తే మేం కూడా మా ఇంట్లోవాళ్లని బస్సెక్కిస్తాం సార్" అన్నారు పిల్లలు. ఇక వెనకడుగు వేస్తే సోమవారం ఏ మొహంతో బడికి వెళ్లడం?

బస్సు కిటకిటలాడుతోంది. భార్యకు ముందు సీటు దొరికింది. మాస్టారు సంచి భుజాన వేసుకుని వెనక కడ్డీ పట్టుకున్నారు. రెండో స్టాపు దాటగానే ఫోను మోగింది. కింద వాటాలో ఉండే పళ్ల డాక్టరు.

"మాస్టారూ, మీ కారు కాస్త తియ్యాలండీ. నా కారు దాని వెనక ఇరుక్కుపోయింది. అవతల క్లినిక్ దగ్గర ఒకాయన దవడ పట్టుకుని కూర్చున్నాడు."

"తాళం నా దగ్గరుంది డాక్టరుగారూ. చచ్చినా బస్సు దిగను. మీరే వస్తే కిటికీలోంచి అందిస్తాను."

డాక్టరు టాక్సీ ఎక్కారు. అదే టాక్సీలో నేరుగా క్లినిక్‌కు వెళ్లవచ్చన్న సంగతి ఆయనకు తట్టలేదు.

"ఎక్కడున్నారు మాస్టారూ?"

"ఇప్పుడే నైరుతికి తిరిగామండీ. ఇంకో అర కిలోమీటరులో ఉత్తరానికి తిరుగుతాం."

ముప్పై ఏళ్లుగా మాస్టారు ఎవరికి దారి చెప్పినా దిక్కులతోనే చెబుతారు. నైరుతి ఎటో టాక్సీవాడికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. దిక్కు తోచక డాక్టరు మాస్టారి బావమరిదికి ఫోను చేశారు. బావ మాటలు అర్థం చేసుకోవడం అలవాటున్న మనిషి గనక ఆయన తన కారు తీసి బయల్దేరాడు. డాక్టరు బస్సు వెనక పరుగెడుతున్నారని తెలిసిన దవడాయన, ఓర్చుకోలేక మోటారుసైకిలెక్కాడు.

"సార్, మన వెనక ఆ ఊరేగింపేమిటి?" అన్నాడు కండక్టరు.

మాస్టారు వెనక్కి చూడలేదు.

పార్కు గేటు దగ్గర బస్సు ఆగగానే, వెంటపడి వచ్చిన ముగ్గురూ ఒకేసారి బళ్లు దిగారు. మాస్టారు విజయగర్వంతో సంచిలోంచి పెట్టె తీసి మూత తెరిచారు. లోపల రెండు పిన్నీసులున్నాయి. దవడాయన గట్టిగా మూలిగాడు.

"తాళం మీ ఇంట్లోనే ఉంది డాక్టరుగారూ" అంది మాస్టారి భార్య, తాపీగా. "బయల్దేరేముందు పెట్టెలోంచి తీసి మీ ఆవిడ చేతికిచ్చొచ్చాను."

"ఆ ముక్క బస్సులో చెప్పొద్దూ?" అన్నారు మాస్టారు.

"నాకేం తెలుసు? నైరుతి, ఉత్తరం అంటుంటే ఎవరికో పాఠం చెబుతున్నారనుకున్నాను."

డాక్టరు ఇంటికి ఫోను చేసి అరిచారు. అవతల ఆయన భార్య తొణకలేదు. "అక్కయ్యగారు ఎవరడిగినా ఇవ్వొద్దన్నారండీ. మాస్టారే వచ్చి బతిమాలినా సరే ఇవ్వొద్దన్నారు. మాటిచ్చాక మీకు మాత్రం ఎలా చెబుతాను?"

మాస్టారి మొహం చిన్నబోయింది. "అంటే నా మీద నీకు నమ్మకం లేదా?"

"లేదు. మధ్యలో మనసు మార్చుకుంటే రేపు పిల్లల ముందు తలొంచుకునేది మీరే. అది నేను చూడలేను."

ఆ మాటకు మాస్టారికి కోపం రావలసింది. కానీ కళ్లు చెమర్చాయి. పెళ్లయిన ఇన్నేళ్లలో తన ఒట్టును తనకన్నా గట్టిగా పట్టుకున్న మనిషి ఇంట్లోనే ఉందని ఆయనకు ఇవాళే తెలిసింది.

"బావా, అక్కా, మీరూ ఎక్కండి, దింపేస్తాను" అన్నాడు బావమరిది, డాక్టరును కారెక్కిస్తూ. అక్కాబావా ఒకేసారి "వద్దు" అన్నారు. ఇద్దరూ చెట్ల కింద తనివితీరా నడిచి, సాయంత్రం బస్సులోనే ఇల్లు చేరారు.

సోమవారం మాస్టారు ఛాతీ విరుచుకుని నల్లబల్ల మీద రాశారు: నా వల్ల రోడ్డెక్కిన బళ్లు, సున్నా. పిల్లలు చప్పట్లు కొట్టారు. ముందు బెంచీ అమ్మాయి మాత్రం లేచి నిలబడింది.

"సార్, నిన్న మా నాన్న పన్ను నొప్పితో మీ బస్సు వెనకే వచ్చారండీ. పన్ను పీకించుకున్నాక బండి నడపలేక బస్సులో ఇంటికొచ్చారు."

మాస్టారు సున్నా చెరిపి మూడు వేశారు. దాని పక్కనే, కాస్త పెద్ద అక్షరాలతో, ఇంకో వరస రాశారు: నా వల్ల బస్సెక్కినవాళ్లు, ఒకరు.