పది లడ్డూల పొగ

సోమవారం ఉదయం ఎనిమిదింటికి వేములవాడ బయలుదేరాలన్నది జలపతి ఏర్పాటు. తల్లి బుచ్చవ్వ అక్కడి రాజన్నకు, గుడి చుట్టూ కోడెను తిప్పుతానని మొక్కిన కోడె మొక్కు మూడేళ్లుగా వాయిదా పడుతూ వస్తోంది. మోకాళ్ల నొప్పులతో ఆమె తమ ఊరు కోరుట్లలో బస్సెక్కే స్థితిలో లేదని జలపతే అనుకున్నాడు. ఆమెను అడగలేదు. దుబాయ్ నుంచి సెలవు మీద జగిత్యాల వచ్చిన బావమరిది దేవేందర్ కారు తెస్తానన్నాడు, తెచ్చాడు. అత్తమ్మకు సీటు చల్లగా ఉండాలని ఇంజను ఆపకుండా, ఏసీ వేసి కారును వాకిట్లో ఉంచి లోపలికొచ్చాడు.

జలపతి భార్య ఊర్మిల దేవుడికి పది లడ్డూలు నైవేద్యం పెట్టింది. సాగనంపడానికి వాడకట్టు ఆడవాళ్లు ఆరుగురు వచ్చారు. తొమ్మిదో తరగతి చదివే కూతురు సుస్మిత మర్నాడు బడిలో ఒక పాఠం చెప్పాలి. ఎదురుగా సరిగ్గా పదిమంది, పది లడ్డూలు కనిపించేసరికి ఇప్పుడే సాధన చేసుకోవాలనిపించి, ప్రసాదం పంచే పని తాను తీసుకుంది.

దేవేందర్ చేతిలో ఐదు పెట్టింది. తల్లికీ, ముగ్గురు పొరుగువాళ్లకూ తలొకటి. చివరి లడ్డూను ఐదు ముక్కలు చేసి నాయనమ్మకూ, తండ్రికీ, మిగిలిన ముగ్గురికీ ఇచ్చింది.

"మేనమామకు మర్యాదంటే గిట్లుండాలె," అని దేవేందర్ మురిసిపోయాడు.

"మొక్కు నాది, నాకు చిటికెడా బిడ్డా?" అంది బుచ్చవ్వ.

"ఇయి లడ్డూలు గాదు నాయినమ్మా, భూమిని ఎచ్చజేసే పొగ. లోకంల పదిమందే ఉన్నరనుకో. అందరికన్న ఉన్నోడు ఒక్కడే సగం పొగ ఇడుస్తడు. అడుగునున్న ఐదుగురిది కలిపి పదో వంతు. ముప్పై ఏండ్ల కింద గూడ గిట్లనే ఉండె. మామకు ఇమానంల తిరుగుడు, కారు, ఇంట్ల మూడు ఏసీలు ఉన్నయి గదా."

దేవేందర్ మొహం మాడిపోయింది. "అంటే నేను పొగమనిషినా? బావా, నువ్వో రెండు తీస్కో."

జలపతికి నిజంగానే సందేహం వచ్చింది. ప్రసాదమైతే వద్దనరాదు. పొగైతే తీసుకోరాదు. చెయ్యి సగం చాపి ఆగిపోయాడు. ఆ ఆగిన చెయ్యి చూసి పక్కింటి సత్యవ్వ తన లడ్డూ కూడా దేవేందర్ చేతిలో పెట్టేసింది. "నాకొద్దు కొడుకా. మా ఇంట్ల ఉన్నది ఒక్క ఫ్యాను." ఆమె వెనకే ఇంకో ఇద్దరు పెట్టేశారు. ఐదు కాస్తా ఎనిమిదయ్యాయి.

"అట్లయితే నా కారు గూడ పొగనే. బస్సుల పోండ్రి," అని దేవేందర్ మంచం మీద కూలబడ్డాడు.

జలపతి ఏళ్లు లెక్కపెట్టుకున్నాడు. మొక్కు నాలుగో ఏటికి పడేటట్టే ఉంది. బుచ్చవ్వ మాత్రం సంచీ భుజానికి తగిలించుకుని లేచింది.

"పోదాం తియ్. ఆధార్ కార్డు చూపెడితే బస్సుల ఆడోళ్లకు టికెట్టు పైసల్లేవు. మూడేండ్ల సంది బస్సెక్కుతవా అని నన్ను ఎవలన్న అడిగిన్రా?"

"మేం గూడ అస్తం అవ్వా," అంటూ సత్యవ్వ, ఆమె వెంట మిగతావాళ్లూ చెప్పులు తొడుక్కున్నారు. ఇంటికి తాళం పడింది. పెరటి సందు బస్టాండుకు దగ్గరదారి, అందరూ అటే నడిచారు. ఎనిమిది లడ్డూలతో ఒంటరిగా మిగలలేక దేవేందర్ కూడా వాటిని మూటగట్టి పట్టుకుని వెంట నడిచాడు.

బస్సులో నిలబడే చోటే దొరికింది. కుదుపులకు కడ్డీ పట్టుకోవాలంటే చేతులు ఖాళీ లేవు. దాంతో దేవేందర్ చుట్టుపక్కల వాళ్లకు లడ్డూలు పంచడం మొదలుపెట్టాడు. ఏ లెక్కా తెలియని ప్రయాణికులు కళ్లకద్దుకుని తిన్నారు. రుద్రంగి దాటేసరికి మూట ఖాళీ.

"మామా, ఇగ నీ వాటా సున్న," అంది సుస్మిత.

పొద్దుటి నుంచి మొదటిసారిగా దేవేందర్ నవ్వాడు. నవ్వుతూనే జేబు తడుముకున్నాడు. రెండో జేబూ తడుముకున్నాడు.

కోరుట్లలో, తాళం వేసిన ఇంటి ముందు, కారు ఖాళీ సీట్లను చల్లబరుస్తూనే ఉంది.